మొగలిమెరక మీద ఆగిపోయే మోటారు

విదియ

పాత మోటార్లు బాగుచేసేవాళ్ళు ఏ రోజు ఏం చేశారో రాసి చూపించాలని నీటి మండలి కొత్తగా నియమం పెట్టింది. అందుకే రాస్తున్నాను. లేకపోతే నాకు రాతతో పనేంటి? చేతుల నిండా ఆముదం జిడ్డు, కాగితం నిండా మరకలు. చదివేవాళ్ళు సర్దుకోండి.

నా పేరు పోలేశ్వరి. తెప్పవాడలో పుట్టాను, అంటే నీళ్ళ మీద తేలే నీలం డ్రమ్ముల మీద. నాకు ఊరు లేదు. మా వాడలో పెద్దవాళ్ళందరికీ నీళ్ళ కింద ఒక్కో ఊరుంది, దాని గురించి మాట్లాడి మాట్లాడి చంపుతారు. నాకా బాధ లేదు. మోటారు పని నాకెవరూ నేర్పలేదు. చచ్చినవాటిని విప్పి నేర్చుకున్నాను.

ఇవాళ మండలి తనిఖీ అధికారి సుధాంశు గారు వచ్చారు. కూడా ఒక మూగ మోటారు తెచ్చారు. వాడలో అందరి పడవలకీ ఇప్పుడు అవే. చప్పుడుండదు, వాసనుండదు, దారి దానికే తెలుసు. మూత విప్పితే శిక్ష. మండలి నాటిన హద్దు స్తంభాల దాకా వెళ్ళి, ఎవరేమన్నా వినకుండా తనంతట తనే వెనక్కి తిరుగుతుంది. నోరున్న మోటారు ఇంకా ఒక్కటే మిగిలింది, మహంకాళమ్మ మామ్మది. రెండు ప్లగ్గుల పాత మోటారు, సారాలో ఆముదం కలిపి పోస్తే నడుస్తుంది. అది పోతే వాడలో నేను విప్పగలిగే వస్తువు ఒక్కటి కూడా ఉండదు.

"పున్నమి నాడు పరీక్షండీ," అన్నారు సుధాంశు గారు. "ఇక్కణ్ణించి హద్దు దాటి దీపస్తంభం దాకా వెళ్ళాలి. దారిలో ఆపుకుంటే ఆపుకోండి. కానీ తెడ్డు వెయ్యకూడదు, ఇంకో పడవకి కట్టించుకోకూడదు. తన బలంతో తను వెళ్తే మోటారు మీదే. లేదంటే దీన్ని కరిగించి మీకు మూగది ఇస్తాం."

మామ్మ చేపలు తోముతూ తల ఎత్తలేదు. "మూగది మొగలిమెరక ఎల్తాదా బాబూ?"

"అది హద్దు అవతల కదండీ. వెళ్ళదు."

"అయితే నాకెందుకది? కూరొండుకుంటానా?"

మొగలిమెరక మామ్మ ఊరు. మొత్తం మునిగిపోయి, మంచినీళ్ళ ట్యాంకు నెత్తి మాత్రం పైకి కనిపిస్తుందట. మామ్మ భర్తని దహనం చేసిన చోటు అక్కడే, నీళ్ళ కింద. వీలు చిక్కినప్పుడల్లా వెళ్ళి వస్తుంది. చిక్కు అక్కడే ఉంది. పోయిన వర్షాల తర్వాత నుంచి, మొగలిమెరక మీద ఆపిన మోటారు మళ్ళీ స్టార్ట్ అవడం లేదు. ప్రతిసారీ తెడ్డేసుకుని రావడమే.

తదియ

ప్లగ్గు విప్పి, ఇనుముకి ఆనించి, తాడు లాగాను. నీలం రంగు స్పార్క్. రెండోదీ అంతే. బిగించి లాగితే ఒక్క లాగుకే అందుకుంది. చెయ్యి పెడితే కాలేదాకా నడిపాను. వేడెక్కితే స్పార్కు పుట్టించే కాయిల్ చచ్చిపోతుందేమో అని అనుమానం. ఆపాను, లాగాను. నడిచింది. మళ్ళీ ఆపాను, మళ్ళీ లాగాను. మళ్ళీ నడిచింది.

రోగం లేనిదానికి ఏం వైద్యం చెయ్యాలి? రెంచి విసిరితే డ్రమ్ములకి తగిలి నీళ్ళలో పడింది. దానికోసం మునిగి వెతకడంతో మధ్యాహ్నం అయిపోయింది.

మామ్మ మేనల్లుడు వీరబాబన్న పడవ నడుపుతాడు. వెనకనుంచి చూస్తూ నవ్వాడు.

"ఎందుకే ఆ కుస్తీ? ఊరు వదల్దే. మనిషొచ్చాడు కదాని ఉండమంటాది."

"ఊరికి మోటారు ఎలా ఆపాలో తెలుసా?"

"మా ఊరోళ్ళకి అన్నీ తెలుసే మెకానిక్కు గారూ."

"స్పార్క్ అంటే తెలుసా నీకు?"

"తెల్దు. నీకు తెలుసుగా, మరి పట్టుకో."

షష్ఠి

మూడు రోజులు వైర్లన్నీ కొస నుంచి కొసకి మీటరు పెట్టి చూశాను. ఒక్కటీ తెగలేదు. తెగినట్టుంటే బాగుండేది.

ఇవాళ బుర్రకి తట్టింది. మూగ మోటార్లని వెనక్కి తిప్పడానికి హద్దు దగ్గర మండలి సిగ్నల్ వదులుతుంది. అదే మా మోటారునీ చంపుతోందని అర్థమైంది. అర్థమైందనుకున్నాను. తిన్నగా మండలి పడవ ఎక్కాను.

"మీరే చంపుతున్నారు, మీరే పరీక్ష పెడుతున్నారు. సిగ్గులేదా మీకు?"

సుధాంశు గారు అన్నం తింటున్నారు. ముద్ద అలాగే పట్టుకుని, "ఆ సిగ్నల్ వినడానికి చెవి ఉండాలమ్మా. మీ మోటారుకి చెవెక్కడుంది?" అన్నారు.

నిజమే, లేదు. స్పార్కుకి కరెంటు పంపే నల్ల డబ్బా ఒకటుంది, అది చెవిటిది. ఒళ్ళు మరింత మండింది. అయినా వచ్చి బిస్కెట్ల రేకు డబ్బా కత్తిరించి ఆ నల్ల డబ్బాకి చుట్టూ తొడిగాను. పిచ్చిపనే. ఏ పిచ్చిపని ఎప్పుడు పనికొస్తుందో ఎవరికి తెలుసు?

సప్తమి

మామ్మకి మోకాళ్ళ నొప్పులు. వీరబాబన్న, నేను వెళ్ళాం. మొగలిమెరకకి రావడం నాకిదే మొదలు. ట్యాంకు నెత్తి మీద కొంగలు. కిందికి తొంగి చూస్తే పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఇళ్ళు కనిపిస్తాయనుకున్నాను. ఎందుకనుకున్నానో.

మునిగిన ఊరి మీద మోటారు చప్పుడు చెయ్యకూడదని మావాళ్ళ పద్ధతి. వీరబాబన్న స్టాప్ బటన్ నొక్కాడు. చద్దన్నం తిన్నాం. తాడు లాగాను. ఒక్క లాగు.

నడిచింది.

రేకు పనిచేసిందన్నమాట! మళ్ళీ ఆపి, రేకు పీకేసి, లాగాను. అప్పుడూ నడిచింది. అంటే రేకు కాదు. అంటే సిగ్నల్ కాదు. మరేంటి? పనిచేస్తే మనిషికి సంతోషం కలగాలి. నాకు ఏడుపొచ్చింది.

"ఊరికి నువ్వు నచ్చలేదే. పొమ్మంటంది," అన్నాడు వీరబాబన్న.

నవమి

నొప్పి తగ్గిందని మామ్మ ఇవాళ వీరబాబన్నతో వెళ్ళింది. సాయంత్రం తెడ్డేసుకుంటూ వచ్చారు.

రేవులోనే ప్లగ్గు విప్పి చూశాను. స్పార్క్ లేదు. బిగించి, మోటారు నెత్తిన మూతలా ఉండే టోపీ ఊడదీసి, ఎండలో పెట్టాను. ఎండ దిగేలోపు స్పార్క్ వచ్చింది. నేనేమీ ముట్టుకోలేదు. దేవుడి మీద ఒట్టు, ఏమీ ముట్టుకోలేదు.

మేం వెళ్తే నడిచింది. మామ్మ వెళ్తే చచ్చింది. మధ్యలో మారింది మామ్మ ఒక్కతే. నేను పక్షాలు పట్టను, మోటారు ఏం చెబితే అది వింటాను. వెళ్ళి అడిగేశాను.

"మామ్మా, నువ్వు అక్కడ ఏం చేస్తున్నావు?"

"నేనేం సేత్తాను? కూకుంటాను."

"కూచుంటే మోటారు చస్తుందా?"

మామ్మ ముందున్న కత్తిపీట పక్కకి జరిపింది. "నా ఊరికి నన్నెల్లనియ్యకుండా నేనే సేసుకుంటన్నానా? నీ బుర్రలో ఏ వైరు తెగిందో సూసుకోయే ముందు."

వాడ మొత్తం విన్నది. నేను తల దించుకోలేదు. కానీ ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ఏకాదశి

పొద్దున్నే మామ్మ రేవులో నిలబడి కేకేసింది. "రావే పోలీ. దొంగని కళ్ళారా సూద్దూగాని."

దారంతా నాకు వీపు తిప్పి కూచుంది. మొగలిమెరక వచ్చింది. వీరబాబన్న బటన్ నొక్కాడు. మోటారు ఆగింది. నేను రెప్ప వెయ్యకుండా మామ్మనే చూస్తున్నాను. మామ్మ చెంబు తీసింది. వంగి ఊరి నీళ్ళు ముంచింది. ఒక గుక్క నోట్లో పోసుకుంది. లేచి, మోటారు దగ్గరికొచ్చి, మిగతాది దాని నెత్తిన పోసింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసింది. నీళ్ళు టోపీ మీదనుంచి జారి, ముందువైపు బటన్ మీదుగా కారుతున్నాయి.

"ఇదేంటి?" అన్నాను.

"ఏదేంటి?"

"ఈ నీళ్ళు!"

మామ్మ నన్ను వింతగా చూసింది. "ఇంటికొచ్చినోళ్ళకి కాళ్ళకి నీళ్ళియ్యరా? ఊరు ఇత్తంది. పడవకి కాళ్ళేయి? మోటారే కదా."

"ఈ మాట ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అని వీరబాబన్న మీద అరిచాను.

"కాళ్ళు కడుక్కోడం కూడా సెప్పాలేంటే?"

"మరి ఆ రోజు మనం వచ్చినప్పుడు నువ్వెందుకు పొయ్యలేదు?"

"నేనెలా పోత్తాను? ఇంటికి పెద్దోళ్ళు పొయ్యాలి."

తాడు లాగాను. చచ్చింది. ప్లగ్గు విప్పి చూస్తే స్పార్క్ లేదు. నల్ల డబ్బా దగ్గర వైర్లు ఒక్కొక్కటీ ఊడదీసి, లాగి చూసి, మళ్ళీ పెడుతూ వచ్చాను. స్టాప్ బటన్ నుంచి వచ్చే సన్న వైరు ఊడదీసి లాగగానే నీలం స్పార్క్ టిక్కుమంది. పెడితే పోయింది. తీస్తే వచ్చింది.

తెలియనివాళ్ళకి చెబుతాను. ఈ పాత మోటార్లలో బటన్ నొక్కితే, ప్లగ్గుకి పోవాల్సిన కరెంటు ఆ సన్న వైరులోంచి ఇనుములోకి పోతుంది. స్పార్క్ చచ్చి మోటారు ఆగుతుంది. బటన్ మీది రబ్బరు ఎప్పుడో పగిలింది. లోపలికి నీళ్ళు దిగి, కరెంటుకి ఆ దారి తెరిచే ఉంచాయి. అంటే ఎవరూ వేలు పెట్టకుండానే బటన్ నొక్కి ఉంటోంది. ఎండలో పెడితే ఆరి, నొక్కు వదులుతోంది.

"అయితే దొంగని నేనేనా?" అంది మామ్మ.

అవునని అనలేకపోయాను. ఎందుకంటే ఇంకా అర్థం కాలేదు. నేను పుట్టకముందు నుంచీ మామ్మ ఇలాగే పోస్తోందట. రబ్బరు పగిలి కూడా ఏళ్ళయింది. ఇన్నేళ్ళూ చావని మోటారు ఇప్పుడే ఎందుకు చస్తోంది?

ద్వాదశి

వైరు మళ్ళీ తగిలించి, బటన్ మీద తాగే నీళ్ళు పోశాను. లాగాను. నడిచింది. ఇంకో చెంబు పోశాను. కాస్త దగ్గి నడిచింది.

బటన్ ఆరబెట్టి, తుడిచి, సముద్రపు నీళ్ళు పోశాను. చచ్చింది.

అక్కడే కూలబడ్డాను. మొగలిమెరకకి సముద్రం వైపు పాత కరకట్ట ఒకటుండేది. ఊరు మునిగినా లోపల ఉన్నది ఏటి నీళ్ళే, తాగడానికి వీలైన నీళ్ళే. పోయిన వర్షాల్లో ఆ కట్ట తెగి సముద్రం లోపలికొచ్చింది. వాడలో అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. ఊరితో నాకేం పని అని అక్కడితో వదిలేశాను.

ఉప్పు నీళ్ళలో కరెంటు పరిగెడుతుంది. మోటారు మారలేదు, మామ్మ మారలేదు. నీళ్ళు మారాయి.

జవాబు దొరికింది. దొరికితే ఎగిరి గంతేస్తాననుకున్నాను. ఈ జవాబు తీసుకెళ్ళి ఎవరికి చెప్పాలి? మీ ఊరి నీళ్ళిప్పుడు మీ ఊరివి కావని మామ్మతో ఏ నోటితో అనాలి?

అది పక్కన పెట్టి చేతనైన పని చేశాను. బటన్ పగుళ్ళలో మైనం నింపాను. మోటారు వేడికి కరిగి కారిపోయింది. కొత్త బటన్ లేదు, ఈ రకం తయారవడం ఆగిపోయి ఒక తరమైంది. చివరికి సన్న వైరు కోసేసి, కొస మీద టేపు చుట్టాను. ఇక ఆ బటన్ మీద సముద్రమంతా పోసినా మోటారు ఆగదు. వేలితో నొక్కినా ఆగదు. ఆపాలంటే సారా పైపు పీకాలి.

అయినా నీళ్ళు పొయ్యడం మానాలి. ఇవాళ బటన్, రేపు కాయిల్. ఉప్పు ఊరుకోదు.

త్రయోదశి

చెప్పాను. నాకు మెత్తగా మాట్లాడటం రాదు. "మామ్మా, అవి సముద్రపు నీళ్ళు. వాటివల్లే మోటారు చస్తోంది. ఇక పొయ్యకు," అన్నాను.

మామ్మ చేప పొలుసు గీకుతూనే ఉంది.

"నాకు నాలిక లేదనుకున్నావేంటే?"

చేతిలో రెంచి కింద పెట్టాను.

"ఎల్లిన ప్రతిసారీ ఒక గుక్క తాగుతాను. పోయిన వానలయ్యాక తాగితే ఉప్పు. ఉమ్మెయ్యబోయేను. మా ఊరి నీళ్ళు ఎలాగుంటాయో నాకు తెల్దా? తీపి. ఇయ్యి మాయి కావు."

"మరి తెలిసీ ఎందుకు పోస్తున్నావు?"

"ఇంట్లో ఏముంటే అదే పెడతారు. ఇచ్చినోళ్ళని కాదంటామా?"

దీనికి ఏ మీటరు పెట్టి చూడాలి? కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. "పోస్తే మోటారు పోతుంది. మోటారు పోతే ఊరు పోతుంది. నీ ఇష్టం," అని లేచొచ్చాను. పొయ్యనని గానీ, పోస్తానని గానీ మామ్మ అనలేదు.

పున్నమి

తెల్లారి పోటు మీద బయల్దేరాం. వీరబాబన్న చుక్కాని దగ్గర, నేను మోటారు పక్కన, మామ్మ మధ్యలో, ఒళ్ళో చెంబు. ముందు సుధాంశు గారు, బూట్లతో.

"ఈ బటన్ పనిచెయ్యదు," అని ఆయనకి చెప్పాను. "ఆపాలంటే పైపు పీకాలి."

"రాసుకోమంటారా?"

"రాసుకోండి. నేనూ రాస్తాను."

హద్దు దగ్గర మూగ పడవ ఒకటి మా పక్కనే వచ్చి, స్తంభాలు చూడగానే తిరిగిపోయింది. మేం దాటాం. దూరంగా ట్యాంకు నెత్తి కనిపించింది.

వీరబాబన్న నావైపు చూశాడు. "ఆపొద్దే. తిన్నగా ఎల్లిపోదాం. పరీచ్చయ్యాక ఇంకోసారి వత్తాం కదా."

మామ్మ చెంబు అంచు వేలితో రుద్దుతూ నీళ్ళకేసి చూస్తోంది.

ఆపకుండా వెళ్తే గెలిచినట్టే. ఈ మోటారు బతకాలని మామ్మ కన్నా నాకే ఎక్కువ. వెళ్ళిపోదాం అని చెప్పడానికే నోరు తెరిచాను. నా చెయ్యి వెళ్ళి సారా పైపు పీకేసింది. ఎందుకు పీకానో ఇప్పుడు రాస్తుంటే కూడా తెలియడం లేదు.

పైపు పీకగానే ఆగదు. లోపల మిగిలిన సారా అయ్యేదాకా నడుస్తుంది. వీరబాబన్న చుక్కాని ఒకవైపు వాల్చి పట్టుకున్నాడు. పడవ ట్యాంకు చుట్టూ తిరిగింది. కొంగలు లేచి మళ్ళీ వాలాయి. చప్పుడు సన్నబడింది, దగ్గింది, ఇంకోసారి అందుకుంది, తర్వాత తనే ఆగింది.

మామ్మ వంగి చెంబు ముంచింది. గుక్క తాగింది. మింగింది. లేచి మోటారు వైపు వచ్చింది. నేను మోటారుకి అడ్డంగా కూచున్నాను.

"కాళ్ళు సాపు," అంది మామ్మ.

"ఏంటి?"

"సెవుడా? కాళ్ళు సాపవే."

చాపాను. మామ్మ నా పాదాల మీద నీళ్ళు పోసింది. పొద్దుటి నీళ్ళు, చల్లగా ఉన్నాయి. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. ఇలాంటప్పుడు ఏమంటారో, ఎటు చూడాలో నాకెవరూ నేర్పలేదు. రెండో చెంబు కూడా పోసింది.

"నాకు ఊరు లేదు కదా మామ్మా," అన్నాను.

"నిన్నెవరడిగేరే? వచ్చినోళ్ళకిత్తారు."

తర్వాత చెంబు పట్టుకుని ముందుకి తిరిగింది. "బాబూ, నీయీ పెట్టు."

సుధాంశు గారు కంగారు పడ్డారు. "బూట్లున్నాయండీ నాకు."

"ఉంటే ఉన్నాయిలే," అని బూట్ల మీదే పోసింది.

నేను లేచి పైపు తగిలించి, తాడు లాగాను. లేదు. మళ్ళీ లాగాను. లేదు. వైరు కోసేశాను కదా, బటన్ తడవలేదు కదా, మరిదేంటి? మూడోసారి. లేదు. సుధాంశు గారు తెడ్డు వైపు చూసి, చటుక్కున ఆకాశం వైపు చూశారు. నాలుగోసారి లాగబోతుంటే వీరబాబన్న పెద్దగా అరిచాడు.

"బల్బు నొక్కవే దద్దమ్మా!"

సారా పైపు మధ్యలో రబ్బరు బల్బు ఉంటుంది, పైపు పీకాక అది గట్టిపడేదాకా నొక్కి సారా ఎక్కించాలి. మోటారు ముట్టుకున్న మొదటి రోజు నేర్చుకునే పని. మర్చిపోయాను. నా బుర్ర నా కాళ్ళ దగ్గరే ఉండిపోయింది. నొక్కాను, లాగాను. దగ్గింది. లాగాను. అందుకుంది. మామ్మ వెనక్కి తిరిగి చూడలేదు గానీ, భుజాలు దిగినట్టు కనిపించాయి.

దీపస్తంభం దగ్గర సుధాంశు గారు దిగి, మోటారు మీద మండలి ముద్ర కొట్టారు. ఉంచుకోవచ్చు. ఆయన నడుస్తుంటే బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. మాకు నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది.

చేసిన మరమ్మతు: స్టాప్ వైరు తొలగించాను. మోటారు బాగుంది. నాకు ఊరు లేదని మొదటి రోజు పైన రాశాను. ఆ మాట కొట్టెయ్యాలో ఉంచాలో తెలియడం లేదు. కాళ్ళ మీద నీళ్ళు ఎండి, ఉప్పు తెల్లగా చారలు కట్టింది. కడుక్కోవాలి. కడుక్కోబుద్ధి కావడం లేదు.